ముందుగాల పేర్లు చదువుండ్రి

జనగామలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో మొన్న ఫైనలియర్ పిల్ల ఒకతి తన ప్రాజెక్టు చూపించింది. నీళ్ల ట్యాంకరు ఏ పూట ఏ వాడకు వస్తుందో ఫోనులో చెప్పే చిన్న ప్రోగ్రాం. ముచ్చటగా ఉంది. ఎవరు చేశారని అడిగాను. వెనక నిలబడ్డ మగపిల్లల వైపు ఒకసారి చూసి, "అందరం కలిసి చేసినం మేడం" అంది.

"అందరంటే ఎవలు? పేర్లు చెప్పు. ఎవలు ఏం జేసిన్రో చెప్పు."

నా నోట్లోంచి వచ్చిన మాటకు పిల్ల బెదిరింది. నేనూ బెదిరాను. ఆ గొంతు నాది కాదు. నా టీచరుది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఇంతకాలం ఆమెను తలుచుకోవడం అంటే ఫొటో చూసి నిట్టూర్చడం అనుకున్నాను. ఇలా నా గొంతులో కూర్చుని ఉంటుందని అనుకోలేదు.

చివరికి ఆ పిల్ల తల దించుకునే చెప్పింది, మొత్తం తనే రాసిందని. మగపిల్లలు కూడా కాదనలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆమె మాకు మహబూబాబాద్ ఆడపిల్లల కాలేజీలో, డిగ్రీలో కంప్యూటర్లు చెప్పింది. పుట్టింది నర్మెట్ట వైపు ఒక తండాలో. పొడగరి. వరండాలో ఎవరో తరుముతున్నట్టు నడిచేది. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా కాస్త పైకే కట్టేది. చేతిసంచిలో అద్దం, దువ్వెన బదులు స్క్రూడ్రైవరు, టార్చిలైటు, ఒక పాత టూత్‌బ్రష్షు ఉండేవి. ఆ బ్రష్షుతో కీబోర్డుల సందుల్లో దుమ్ము దులిపేది. ఎవరితో ఎంత పెద్ద విషయం మాట్లాడుతున్నా, ఎదురుగా కీబోర్డు కనబడితే చెయ్యి దాని మీదికి పోయేది. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన ఏవో ప్రశ్నలు వేస్తుంటే, ఆయన ముందున్న కీబోర్డును బోర్లించి టపటపా తట్టి, రాలిన మరమరాలు ఆయనకే చూపించింది.

మేం చేరేనాటికి ల్యాబు గుమ్మం దగ్గర "పాదరక్షలు బయట విడవండి" అని రాసి ఉండేది. మేం భక్తిగా విడిచేవాళ్లం. లోపల కంప్యూటర్లకు గుడ్డలు కప్పి ఉండేవి. దసరాకు పెట్టిన కుంకుమ బొట్లు సంక్రాంతి దాకా చెరిగేవి కావు. ఆమె వచ్చిన మొదటి రోజు చెప్పులతోనే లోపలికి నడిచింది. మాకు ఊపిరి ఆగినంత పనయింది.

"ఏందే, అందరు వట్టి కాళ్లతోని ఉన్నరు? గుడికొచ్చిన్రా?" అంది. "గిది మిషన్. మొక్కితే నడువది. పోయి చెప్పులేసుకోని రాండ్రి."

మేం వెళ్లి వేసుకుని వచ్చాం. ఈలోగా ఆమె ఒక కంప్యూటరు డబ్బా మూత ఊడదీసి బల్ల మీద పెట్టింది. ఒక్కొక్కరినీ పిలిచి లోపల చెయ్యి పెట్టమంది. టేకుమట్లలో మా ఇంట్లో మోటారు స్టార్టరు డబ్బా ముట్టుకుంటేనే మా నాయిన చెయ్యి మీద కొట్టేవాడు. అలాంటి నేను ఆ రోజు మోచేతి దాకా దుమ్ము అంటించుకుని, ఇదేమిటి అదేమిటి అని అడుగుతూ నిలబడ్డాను.

ఆమె పెట్టిన నియమాలు తక్కువ. ఒకటి మాత్రం రాతి మీద గీత. ప్రోగ్రాం మొదటి వరసలో రాసినవాళ్ల పేరు ఉండాలి. పేరు లేకపోతే ఎంత బాగా నడిచినా చూసేది కాదు. ఇద్దరు రాస్తే ఇద్దరివీ, ఎవరు ఏ భాగం రాశారో కూడా. "అందరం చేసినం" అన్న మాట వింటే ఒళ్లు మండిపోయేది ఆమెకు. "గా అందరిల నువ్వెక్కడున్నవ్? జర ముంగటికి రా, కనవడు" అనేది. మేం నవ్వుకునేవాళ్లం. మా ఇళ్లల్లో ఆడపిల్ల తన పని తాను చెప్పుకుంటే టెక్కు అనేవారు. ఆమె ముందు చెప్పుకోకపోతే తప్పు.

మహిళా దినోత్సవం వస్తే కాలేజీ అంతా ముగ్గుల పోటీకి సిద్ధమయ్యేది. ముగ్గులు, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ పరుగు. మా మొదటి ఏడు ఆమెను ముగ్గుల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమన్నారు. "పొద్దుగాల లేసి ఇంటి ముంగట ఏసే వచ్చిన్రు గద మేడం అందరు. మల్ల ఈడ గూడ ముగ్గేనా?" అని తోటి లెక్చరర్లను అడిగింది. వాళ్లు నొచ్చుకున్నారు. ఆమె ల్యాబు తలుపులు తీసి, ఆ పూట వచ్చిన పిల్లలతో ప్రింటరు విప్పించి మళ్లీ బిగించింది. మాకు ముగ్గుపిండి బదులు నల్లటి ఇంకు అంటింది.

మా క్లాసులో స్వరూప అనే పిల్ల ఉండేది. తండా పిల్ల. చదువులో చురుకే గానీ, నోరు విప్పేది కాదు. హాస్టలులో ఇంటికి ఫోను చేసి లంబాడీలో మాట్లాడుతుంటే పక్క మంచాల వాళ్లు ఆ మాటల్ని అనుకరించి నవ్వేవారట. అప్పటి నుంచి ఇంటి ఫోను వస్తే మేడ మీదికి పోయి గుసగుసగా మాట్లాడేది. ఇది మేడం చెవిన పడింది. మర్నాడు క్లాసు మధ్యలో తన తల్లి దగ్గర్నుంచి ఫోను వస్తే, బయటికి పోకుండా, బోర్డు పక్కనే నిలబడి లంబాడీలో గట్టిగా, తీరిగ్గా మాట్లాడింది. పెట్టేసి, "మా యాడి. మేక ఈనిందట" అని తెలుగులో మాకు చెప్పి, పాఠం ఆపిన చోటు నుంచి అందుకుంది. స్వరూప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పిల్ల మొదటిసారి తల ఎత్తి క్లాసును చూసింది.

మా చివరి ఏడాది ఒక పొద్దున ఆమె క్లాసుకు రావడమే కోపంతో వచ్చింది. సంచి బల్ల మీద పడేసింది. బస్టాండులో ఒక తండా మనిషిని చూసిందట. నిండు చూలాలు. చేతిలో ఫోను పట్టుకుని వచ్చే పోయే వాళ్లకు చూపిస్తూ, ఏం రాసిందో చదివి చెప్పమని బతిమాలుతోంది. దవాఖాన నుంచి వచ్చిన మెసేజి. స్కానింగుకు రమ్మన్న రోజు నిన్నటితో అయిపోయింది.

"చదువరాని మనిషికి చదువుమని పంపుతున్నరు," అంది మేడం. "ఫోన్ అంటేనే మాట్లాడేది గద! దాంతోని మాట్లాడిపియ్యొచ్చని ఒక్కనికి తోయలే. మనం జేద్దాం. ఎవలెవలు?"

మా క్లాసు రేష్మా చెయ్యి ఎత్తింది. నేను ఎత్తాను. స్వరూప ఎత్తలేదు. మేడం ఆమె వైపే చూస్తూ, "నువ్వు లేకుంటే గిది కాదు. గొంతు నీదే" అంది.

అలా మొదలైంది. స్కానింగుకు ముందు రోజు ఆ మనిషికి ఫోను వెళ్లాలి. ఎత్తగానే లంబాడీలో ఒక ఆడగొంతు పలకరించి, రేపు దవాఖానకు రావాలని, ఏం తెచ్చుకోవాలో చెప్పాలి. వస్తానంటే ఒక నంబరు, రాలేనంటే ఇంకో నంబరు నొక్కాలి. రాలేనన్న వాళ్ల పేర్లు ఆశా అక్కలకు వెళ్లాలి. నేను ఆ ఫోన్లు పంపే భాగం రాశాను. రేష్మా జవాబులు అందుకునే భాగం. మొత్తం ఎలా ఉండాలో గీసింది, మా తప్పులు దిద్దింది, దవాఖాన అధికారుల చుట్టూ తిరిగి ఒప్పించింది మేడం.

గొంతు రికార్డు చేయడమే పెద్ద పని అయింది. కాలేజీ స్టేషనుకు దగ్గర. స్టోరు గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ స్వరూప మాట మొదలుపెట్టిందో లేదో, విజయవాడ లైను మీద గూడ్సు బండి కూత పెట్టేది. బండి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. కష్టపడి మొదటి రికార్డు పూర్తిచేసి, మేడం వాళ్లమ్మకు ఫోనులో వినిపించాం. ఆవిడ విని, "ఎవలో తాసిల్దారు మాట్లాడినట్టున్నది" అందట. మేడం పడి పడి నవ్వింది. స్వరూపను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అక్క నీళ్లోసుకున్నది అనుకో. రేపు దవాఖానకు రమ్మని పిలువు. గంతే" అంది. ఆ తర్వాత స్వరూప మాట్లాడిన మాటలు నాకు అర్థం కాలేదు గానీ, ఆ గొంతు విని నాకే ఎక్కడికో పోవాలనిపించింది.

ఫోన్లు తండాల్లో మోగడం మొదలైంది. ఒక ముసలమ్మ రికార్డు గొంతుతో తగువు పెట్టుకుందని ఆశా అక్క వచ్చి చెప్పింది. "మా కోడలు సంగతి నీకెట్ల ఎరుక? ఎవల బిడ్డవే నువ్వు? అన్నం తిన్నవా?" అని అడుగుతూ పోయిందట. స్కానింగు రోజున దవాఖాన వరండాలో బల్లలు నిండాయి. బస్టాండులో ఫోను పట్టుకుని తిరిగే వాళ్లు తగ్గారు. మేం ఆ పని చూసి ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఇంతకన్నా కావలసింది ఏముంటుంది అనుకున్నాను నేను.

కావలసింది ఇంకా ఉందని ఆమెకు తెలుసు.

ఆ ఏడు మహిళా దినోత్సవానికి భూపాలపల్లిలో మూడు జిల్లాలకు కలిపి పెద్ద సభ పెట్టారు. మా ఫోను పనికి బహుమతి ప్రకటించారు. ఆహ్వానపత్రిక కాలేజీకి వచ్చింది. రూపకర్త అన్న చోట మా ప్రిన్సిపాల్ సారు పేరు ఉంది. మా పేర్లు ఎక్కడా లేవు. మేడం పేరూ లేదు. పత్రిక పట్టుకుని ఆమె సారు గదికి వెళ్లింది. మమ్మల్నీ వెంట తీసుకెళ్లింది.

సారు చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి నెమ్మదిగానే చెప్పాడు. "అమ్మా, ఏ కాలేజీలోనైనా హెడ్ పేరే పోతది. పద్ధతి గట్లనే ఉంటది. మీకు గూడ స్టేజి మీద శాలువాలు గప్పుతరు. నేనే చెప్పిన."

"శాలువా చలికి గప్పుకుంటరు సార్. ఎండలు ముదిరినయి. పేర్లు రాయిపియ్యుండ్రి."

"కార్డులు అచ్చయినయి గద."

"కార్డు పోనీ. సభల చదివిపియ్యుండ్రి."

సారు చూద్దాం అన్నాడు. బయటికి వచ్చాక రేష్మా ఏడుపు గొంతుతో, మనం అసలు పోవద్దు మేడం అంది. నాకూ అదే అనిపించింది. మేడం ఒప్పుకోలేదు. "ఎందుకు పోవద్దు? అలిగి ఇంట్ల కూసుంటే వాళ్లకు ఇంక సులువు. పోదాం. పోయి అడుగుదాం."

నర్సంపేట మీదుగా బస్సులు మారి భూపాలపల్లి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గనుల కాలనీ దాటాక ఒక ఫంక్షన్ హాలు. ముందు వరసల్లో అధికారులు, వెనక మూడు జిల్లాల నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచర్లు, ఆశా అక్కలు. హాలు బయట ముగ్గులు ఉన్నాయి. మేడం వాటిని చూసి నా వైపు చూసింది.

బహుమతి ప్రకటించారు. ప్రిన్సిపాల్ సారు వేదిక ఎక్కి జ్ఞాపిక తీసుకున్నాడు. ఫొటోలు తీశారు. తర్వాత మైకులో, "ఈ కార్యక్రమంలో శ్రమించిన సోదరీమణులను కూడా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం" అన్నారు. మేం ఎక్కాం. ముఖ్య అతిథి చేతికి ఎవరో శాలువా అందించారు. ఆయన దాన్ని విప్పి ఆమె భుజాల మీద వేయబోయాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆగుండ్రి సార్. ముందుగాల పేర్లు చదువుండ్రి."

ఆయన శాలువా అలాగే పట్టుకుని ఉండిపోయాడు. మైకు పట్టుకున్న వ్యాఖ్యాత నవ్వుతూ, "మేడం గారూ, టైం లేదు. అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నాడు.

"నాలుగు పేర్లు చదివేసరికే అన్నం చల్లారుతదా?"

వెనక వరసల్లో నవ్వులు లేచాయి. ప్రిన్సిపాల్ సారు పక్కకు వచ్చి, పెదవులు కదలకుండా, "మేడం, వచ్చే యేడు రెన్యువల్ సంగతి యాదికున్నదా?" అన్నాడు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి జూన్‌లో కాలేజీ మళ్లీ ఒప్పుకుంటేనే ఉంటుంది. ఆ మాట మా ముగ్గురికీ వినబడింది. ఆమె వ్యాఖ్యాత చేతిలోంచి మైకు మర్యాదగా అందుకుని, అందరికీ వినబడేలా అంది. "సారు రెన్యువల్ యాదికున్నదా అంటున్నడు. ఉన్నది సార్. పేర్లు చదువుండ్రి."

మైకు ఆగిపోయింది. ఎవరో వెనక నుంచి తీగ లాగేశారు. ఆమె చేతిలోని మైకును ఒకసారి చూసి బల్ల మీద పెట్టేసింది. తర్వాత మా వైపు తిరిగి, "వాళ్లు చదువరు గని, మీరే చెప్పుండ్రి" అంది. చేను అవతలి గట్టు నుంచి పిలిచే వాళ్ల గొంతు అది. మైకు లేకపోయినా చివరి వరసకు వెళ్లింది.

నేను నా పేరు చెప్పాను. ఫోన్లు పంపే భాగం నేను రాశాను అన్నాను. అంతకుముందు ఎప్పుడూ నలుగురి ముందు "నేను" అన్న మాట అంత గట్టిగా అనలేదు. రేష్మా చెప్పింది. స్వరూప వంతు వచ్చింది. ఆ పిల్ల నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ప్రిన్సిపాల్ సారు మెట్ల వైపు చెయ్యి చూపించాడు, ఇక దిగండి అన్నట్టు. మేడం కదలలేదు. స్వరూప వైపు చూడను కూడా చూడలేదు. హాలు వైపే చూస్తూ, తొందరేం లేదన్నట్టు నిలబడింది.

అప్పుడు స్వరూప కళ్లు మూసుకుంది. తన పేరు కాదు, ఫోనులో చెప్పే మాటలు చెప్పింది. లంబాడీలో, అక్కను పిలిచినట్టు.

మూడో వాక్యం పూర్తికాకముందే వెనక నుంచి ఒక ఆశా అక్క లేచింది. "ఓ అవ్వ! ఫోన్ల మాట్లాడే పిల్ల గీమెనే!" ఆమె వెనక ఇంకొకతి, ఆ వెనక వరుసంతా. కుర్చీలు జరిగిన చప్పుడు. కొందరు వేదిక దాకా వచ్చేశారు. ఒకావిడ స్వరూప చేతులు పట్టుకుని, "మా తండల నీ గొంతు అందరికెరుక బిడ్డా. నీ పేరేంది?" అని అడిగింది.

స్వరూప పేరు చెప్పింది. వినబడలేదని మళ్లీ అడిగారు. ఈసారి గట్టిగా చెప్పింది. చివర మేడం తన పేరు చెప్పింది, తాను ఏం చేసిందో చెప్పింది, ముఖ్య అతిథికి నమస్కారం పెట్టి వేదిక దిగింది. శాలువా ఆయన చేతుల్లోనే ఉంది.

మర్నాడు పేపర్లో జ్ఞాపికతో సారు ఫొటోనే వచ్చింది. అది వేరే సంగతి.

తిరుగు బస్సులో ములుగు దాటాక ఆమె నీళ్ల సీసా తీసింది. మూత తిప్పబోతే రాలేదు. ఆమె చేతులు వణుకుతున్నాయి. నేను తీసిచ్చాను. తాగి, కిటికీలోంచి చూస్తూ, "ఏంది, పరేషాన్ అయినవా?" అంది.

"మీకు భయం గాదనుకున్న మేడం."

"ఎందుకు గాదే? భయమైతే మాట్లాడొద్దని ఎవలన్నరు? భయపడుకుంటనే మాట్లాడిన."

తర్వాత మా ముగ్గురికీ పల్లీలు కొనిపెట్టింది. మహబూబాబాద్ వచ్చేదాకా ప్రోగ్రాంలో రాలేనన్న వాళ్లకు రెండోసారి ఫోను ఎలా వెళ్లాలో మాట్లాడుకున్నాం.

జూన్‌లో కాలేజీ ఆమెను వద్దంది. కారణం చెప్పలేదు. ఆమె అడిగింది, రాతపూర్వకంగా అడిగింది, జవాబు రాలేదు. ల్యాబు తాళాలు అప్పగించిన రోజున మేం వెళ్లాం. ఏడుస్తామని తెలిసి, "ఏడిస్తే బయటకు పంపుత" అని ముందే బెదిరించింది. స్టేషను దగ్గర ఎరువుల దుకాణం మీద ఒక గది అద్దెకు తీసుకుని, ఆడపిల్లలకు కంప్యూటరు నేర్పడం మొదలుపెట్టింది. గది నిండా యూరియా వాసన. తుమ్ముతూ నేర్చుకునేవారు.

మరుసటి ఏడు నుంచి ఆమె తన సభ తాను పెట్టింది. మహిళా దినోత్సవం మర్నాడు. శాలువా లేదు, జ్ఞాపిక లేదు, ముఖ్య అతిథి లేడు. కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే ఆడవాళ్లు ఎవరైనా రావచ్చు. నర్మెట్ట నుంచి, టేకుమట్ల నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చేవారు. ఆఫీసుల్లో డేటా ఎక్కించేవాళ్లు, స్కూళ్లలో కంప్యూటరు చెప్పేవాళ్లు, ఫోను రిపేరు నేర్చుకున్న ఒక అక్క. ఒక్కొక్కరూ లేచి నిలబడి, పేరు చెప్పి, ఆ ఏడు ఏం చేశారో చెప్పాలి. మాట "నేను"తో మొదలు కావాలి. మిగతా వాళ్లు వినాలి. అంతే సభ.

ఒకసారి నర్మెట్ట నుంచి వచ్చిన ఒకామె లేచి, "ఏం లేదు మేడం, నేను జర ఆపరేటర్ పని చేస్త" అంది.

"జర తీసేసి చెప్పు," అంది మేడం.

ఆమె సిగ్గుపడి, "నేను ఆపరేటర్ పని చేస్త" అంది.

"ఏం పని?"

అప్పుడు బయటికి వచ్చింది. ఆధార్‌లో పేరు ఒకలా, బడి కాయితాల్లో ఇంకోలా పడిన తండా పిల్లల పేర్లు ఆమె ఒక్కతే కూర్చుని, ఇల్లిల్లూ తిరిగి అడిగి, సరిచేసింది. ఇంతకాలం ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. గది చప్పట్లతో దద్దరిల్లింది. ఆమె కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. నేను తర్వాత చాలా సన్మానాలు చూశాను. మనిషి ముఖంలో అంత వెలుగు ఏ జ్ఞాపికా తేవడం చూడలేదు.

పోయిన వానాకాలం జ్వరమని పడుకుంది. జనగామ దవాఖానలో చూడటానికి పోతే, నర్సు టైపు చేస్తున్న కీబోర్డు వైపు చూపిస్తూ, "దుమ్ము జూడు" అంది నాతో. లేచి వస్తుందనుకున్నాం. రాలేదు.

ఆమెను వద్దన్న కాలేజీయే సంతాపసభ పెట్టింది. అప్పటి సారు రిటైరయ్యాడు. కొత్త ప్రిన్సిపాల్ సారు ఆమెను ఎరగడు, కానీ మర్యాదస్తుడు. ఆమె పుణ్యాన తండాల్లో ఎందరు తల్లులు క్షేమంగా ఉన్నారో చెప్పాడు. కంప్యూటరు ల్యాబుకు ఆమె పేరు పెడతామని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మేడం వాళ్లమ్మ కూర్చుని ఉంది. పక్కనున్న స్వరూపను లంబాడీలో ఏదో అడిగింది. స్వరూప ఇప్పుడు దవాఖానలో ఆ ఫోను పనినే చూస్తోంది, ఉద్యోగంగా. ఆవిడ అడిగింది విని లేచి నిలబడింది.

"సార్, అవ్వ అడుగుతున్నది. వరండాల బోర్డు మీద భూపాలపల్లి బహుమతి ఎవల పేరు మీద ఉన్నదని."

ఆ వరండాలో కాలేజీకి వచ్చిన బహుమతులు గోడ మీద పెయింటుతో రాసి ఉంటాయి. మా బహుమతి ఎదురుగా పాత సారు పేరు ఉంది.

కొత్త సారు తడబడ్డాడు. "అది పాతది గద. ఇప్పుడు మారిస్తే పాత సారుకు బాధైతదేమో."

స్వరూప తెలుగు నుంచి లంబాడీకి మార్చి చెప్పింది. అవ్వ ఈసారి స్వరూప సాయం తీసుకోలేదు. తనే తెలుగులో అంది.

"నా బిడ్డకు గాలేదా సారూ, బాధ? అది దిద్దుండ్రి. తర్వాత గదికి పేరు పెట్టుండ్రి. దిద్దకుంటే గదికి వద్దు."

లేచి వెళ్లిపోయింది. ఆమె వెనక మేం ముగ్గురం, మా వెనక ఎరువుల దుకాణం మీది గదిలో నేర్చుకున్న ఆడపిల్లలంతా. సభ సగంలో ఖాళీ అయింది.

కమిటీలో మాట్లాడాలన్నారు. మేం మళ్లీ వెళ్లాం. పైవాళ్లను అడగాలన్నారు. మళ్లీ వెళ్లాం. రేష్మా హైదరాబాద్‌లో సెలవు పెట్టి వచ్చేది. ఒకసారి పాత సారు ఇంటికే వెళ్లాం. ఆయన టీ తెప్పించాడు. మేం లేస్తుంటే, "నాకు అభ్యంతరం లేదని రాసిస్త" అన్నాడు. అన్నట్టే రాసిచ్చాడు. ఆయనలో ఏం జరిగిందో మేం అడగలేదు.

పెయింటరును బజారు నుంచి మేమే తెచ్చుకున్నాం. అవ్వకు కుర్చీ వేశారు, కూర్చోలేదు. పాత అక్షరాల మీద తెల్లరంగు పూసి, ఆరాక, పెయింటరు మా వైపు తిరిగాడు.

"పేర్ల ముంగట శ్రీమతి, కుమారి ఏమన్న పెట్టాల్నా అక్కా?"

"ఏం వద్దన్నా," అంది స్వరూప. "వట్టి పేర్లు. జర పెద్దగ రాయి."

ఆయన రాశాడు. నాలుగు పేర్లు. ఒక్కొక్క పేరూ పూర్తికాగానే స్వరూప పైకి చదివి వినిపించింది, అవ్వ తలూపింది. కూతురి పేరు దగ్గర మాత్రం రెండోసారి చదవమంది.

ఇంత చెప్పి ఆమె పేరు ఇక్కడ రాయలేదేమని మీరు అడుగుతారు. కాయితం మీద రాస్తే చదివి పక్కన పెడతారు. మహబూబాబాద్ రండి. స్టేషనులో దిగి, ఆడపిల్లల కాలేజీ ఎక్కడని ఎవరిని అడిగినా చెబుతారు. వరండాలోకి నడవండి. గోడ మీద భూపాలపల్లి బహుమతి ఎదురుగా ఆమె పేరే మొదట ఉంటుంది. గట్టిగా చదవండి.